రొయ్యల గుంటలో ఊగే పీహెచ్ నెత్తురులో ఎందుకు ఊగదు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. మా నాన్న మూడెకరాల్లో వనామీ రకం రొయ్యల సాగు చేస్తున్నారు. నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా గుంటలో పీహెచ్ తెల్లవారుజామున 7.5 ఉంటే మధ్యాహ్నం మూడింటికి 9.1 అవుతోంది. పక్క గుంటలోనూ అదే సీడు, అదే మేత, అయినా అక్కడ 7.9కి తగ్గదు, 8.4 దాటదు. మందుల షాపులో పీహెచ్ తగ్గించే మందు ఇస్తున్నారు గాని, రెండు రోజులు తగ్గి మళ్లీ మామూలే అవుతోంది. మనిషి నెత్తురులో పీహెచ్ 7.35, 7.45 మధ్యనే నిలిచి ఉంటుందనీ, దానికి బైకార్బనేట్ బఫర్ కారణమనీ మా పుస్తకంలో ఉంది. గుంట నీటిలోనూ అదే బఫర్ ఉంటుంది కదా, అక్కడ ఎందుకు పనిచేయడం లేదు? మరొక సందేహం. మా అమ్మ గుండెల్లో మంటకు రోజూ వంటసోడా కలుపుకొని తాగుతుంది. ఆమె నెత్తురులో ఆమ్లం పేరుకుపోయిందని, క్షార జలం ఇచ్చే యంత్రం కొనమని ఒకాయన ఇంటికి వచ్చి చెప్పిపోయాడు. కొనవచ్చునా?

సమాధానం: యంత్రం కొనవద్దు. కారణం తరువాత చెబుతాను. ముందు మీ పుస్తకం సంగతి చూద్దాం, ఎందుకంటే అది చెప్పిన మాటలో తప్పు లేదు గాని, సగం మాటే చెప్పి ఊరుకుంది. ఆ మిగిలిన సగంలోనే మీ గుంట ప్రశ్నకు జవాబు ఉంది.

పీహెచ్ అనే కొలతను 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. నీటిలో స్వేచ్ఛగా తిరిగే హైడ్రోజన్ అయాన్ల సంఖ్య మరీ చిన్నది కనుక, దానిని రాసుకోవడానికి వీలైన అంకెగా మార్చే సంవర్గమాన (లాగరిథమ్) కొలత అది. ఆ అంకె ఒకటి తగ్గితే అయాన్లు పదింతలు పెరిగినట్టు, అంటే ఆమ్లగుణం పెరిగినట్టు, ఒకటి పెరిగితే పదో వంతుకు పడిపోయినట్టు. ఈ లెక్కన మీ గుంటలో 7.5 నుంచి 9.1కి మారడమంటే, హైడ్రోజన్ అయాన్లు ఒక్క పగటిపూటలోనే నలభయ్యో వంతుకు పడిపోవడం. నెత్తురులో 7.4 దగ్గర లీటరుకు ఉండేవి, కణాల సంఖ్యను లెక్కించే మోల్ అనే కొలమానంలో, 40 నానోమోల్‌లు, అంటే ఒక మిల్లీమోల్‌లో ఇరవై అయిదు వేలవ వంతు. అవి 35, 45 నానోమోల్‌ల మధ్య కదిలినంత వరకే మనం ఆరోగ్యంగా ఉంటాం. ఇంత సన్నని హద్దులో నడిచే శరీరం, కార్బన్ డయాక్సైడ్ రూపంలో రోజుకు సుమారు 15,000 మిల్లీమోల్‌ల ఆమ్లాన్ని, అది చాలదన్నట్టు ఊపిరితో బయటికి పోని స్థిర ఆమ్లాలను మరో 50 నుంచి 100 మిల్లీమోల్‌ల దాకా పుట్టిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను పాత తెలుగు వాచకాలు బొగ్గుపులుసు వాయువు అనేవి. నీటిలో కరిగితే పులుపెక్కే ఆ వాయువుకు అంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

బఫర్ అంటే ఒక బలహీన ఆమ్లమూ, దాని నుంచి హైడ్రోజన్ అయాన్ విడిపోగా మిగిలిన భాగమూ ఒకే నీటిలో కలిసి ఉండడం. బయటి నుంచి ఆమ్లం వచ్చి పడితే రెండోది దానిని పట్టుకుంటుంది, క్షారం వచ్చి పడితే మొదటిది తన అయాన్‌ను విడిచి దానిని చల్లారుస్తుంది. నెత్తురులో ఈ జంట కార్బన్ డయాక్సైడ్, బైకార్బనేట్. లీటరుకు 24 మిల్లీమోల్‌ల బైకార్బనేట్, 1.2 మిల్లీమోల్‌ల కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి, అంటే ఇరవైకి ఒకటి. 1908లో హెండర్సన్ కట్టిన సూత్రాన్ని 1916లో హాసెల్‌బాల్క్ సంవర్గమాన రూపంలో రాశాడు. దాని ప్రకారం ఈ జంటకు సహజమైన 6.1కి (రెండూ సమానంగా ఉన్నప్పుడు ఉండే పీహెచ్ అది), ఇరవై సంవర్గమానమైన 1.3 కలిపితే 7.4 వస్తుంది. మీరు పరీక్షలో రాసే సమీకరణం ఇదే.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించండి. ఏ బఫరైనా తన సహజ అంకెకు దగ్గరగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుందనీ, ఒక అంకె దూరం దాటితే దాని బలం తగ్గిపోతుందనీ అదే పుస్తకంలో ఉంటుంది. 6.1 ఎక్కడ, 7.4 ఎక్కడ? పుస్తకం లెక్క ప్రకారం చూస్తే ఇది నెత్తురుకు తగని బఫర్. మరి ఎలా నెగ్గుకొస్తోంది? లెక్క వేసి చూద్దాం.

లీటరు శుద్ధ జలంలో 10 మిల్లీమోల్‌ల బలమైన ఆమ్లం పోస్తే పీహెచ్ 2కి పడిపోతుంది. అదే ఆమ్లాన్ని పైన చెప్పిన బైకార్బనేట్ ఉన్న లీటరు ద్రవంలో పోసి, సీసాకు బిరడా బిగించామనుకోండి. పది మిల్లీమోల్‌ల బైకార్బనేట్ ఖర్చయి 14 మిగులుతుంది, ఖర్చయినదంతా కార్బన్ డయాక్సైడ్‌గా మారి 1.2 కాస్తా 11.2 అవుతుంది, పీహెచ్ 6.2 దగ్గర నిలుస్తుంది. రెండుతో పోలిస్తే ఇది ఎంతో నయం గాని, 6.2 దగ్గర మనిషి బతకడు. ఇప్పుడు బిరడా తీసి, కొత్తగా పుట్టిన వాయువును పోనిచ్చి, కరిగినది 1.2 దగ్గరే ఉండేటట్టు చూడండి. బైకార్బనేట్ అదే 14, కాని పీహెచ్ 7.17. ఊపిరి కొంచెం జోరు పెంచి ఆ 1.2ను 0.87కి దింపగలిగితే 7.31, అంటే ఆరోగ్యపు హద్దుకు దాదాపు చేరినట్టే. హిమోగ్లోబిన్ వంటి ప్రోటీన్లు చేసే సాయాన్ని ఈ లెక్కలో నేను కలపలేదు, నిజానికి అదీ తక్కువేమీ కాదు. పోసిన ఆమ్లం మారలేదు, దానిని పట్టుకున్న బైకార్బనేట్ మారలేదు, మారినదల్లా బయటికి దారి ఉండడం.

మన వైపు చెరువు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఎంత పెద్ద చెరువైనా, మిగులు నీరు పొర్లిపోయే కలుజు లేకపోతే ఒక పెద్ద వానకు కట్ట తెగుతుంది, కట్ట ఎత్తు వల్ల చెరువు కొంత గడువు సంపాదించుకుంటుంది గాని, ఊరిని కాపాడేది కలుజే. బైకార్బనేట్ కట్ట వంటిది, ఊపిరితిత్తులు కలుజు వంటివి. మెదడు కింది భాగంలోని కణాలు కార్బన్ డయాక్సైడ్‌ను, దానితో వచ్చే పీహెచ్ మార్పును కనిపెట్టి నిమిషాలలోనే ఊపిరి జోరును సవరిస్తాయి. అదుపు తప్పిన మధుమేహంలో నెత్తురు పులిసినప్పుడు రోగి లోతుగా, ఆగకుండా ఊపిరి పీల్చడాన్ని 1874లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ వర్ణించాడు. అది ఊపిరితిత్తుల జబ్బు కాదు, కలుజు తలుపులన్నీ ఎత్తేసిన స్థితి. అటువంటి మనిషిని ఆయాసమనుకొని ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కలుజు ద్వారా పోయేది వాయువు మాత్రమే. స్థిర ఆమ్లాలు మూత్రపిండాల ద్వారానే పోవాలి, అక్కడ కూడా బఫర్లే మోసుకుపోతాయి. మూత్రం ఎంత పులిసినా పీహెచ్ 4.5కి దిగువకు పోదు. ఆ పీహెచ్ దగ్గర రెండు లీటర్ల మూత్రంలో విడిగా ఉండే హైడ్రోజన్ అయాన్లు 0.06 మిల్లీమోల్ మాత్రమే. రోజుకు సుమారు డెబ్బై మిల్లీమోల్‌లు పోవలసిన చోట ఇది ఏ మూలకు? అందుకే మూత్రపిండం ఆ అయాన్లను ఫాస్ఫేట్ మీదా, తానే గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేసే అమ్మోనియా మీదా ఎక్కించి పంపుతుంది. అలా పంపిన ప్రతి అయాన్‌కు బదులుగా ఒక కొత్త బైకార్బనేట్‌ను నెత్తురుకు తిరిగి ఇస్తుంది, అంటే కోతపడిన కట్టకు మళ్లీ మట్టి పోస్తుంది. ఈ పని పూర్తి జోరు అందుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. పైగా వడపోతలో రోజుకు 4,300 మిల్లీమోల్‌లకు పైగా బైకార్బనేట్ మూత్రపిండాలలోకి దిగుతుంది, దానిని దాదాపు మొత్తం వెనక్కి లాక్కోవడం కూడా వాటి పనే. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఆమ్లం నిలిచిపోయి, చివరికి ఎముకలోని కార్బనేట్‌ను కరిగించుకొని సర్దుకోవలసి వస్తుంది.

ఆ స్థిర ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మీ ఇంటికి వచ్చినాయన మాటకు జవాబు దొరుకుతుంది. పుల్లటివి తింటే నెత్తురు పులుస్తుందని చాలామంది నమ్మకం. మన నెల్లూరు చేపల పులుసునే తీసుకోండి. మామిడికాయలోని సిట్రిక్ ఆమ్లం కణాలలో మండి నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది, ఆ వాయువు ఊపిరితో పోతుంది, లెక్క అక్కడితో సరి. పొదలకూరు నిమ్మకాయ పిండుకున్నా అంతే. నెత్తురుకు స్థిర ఆమ్లాన్ని మిగిల్చేది పులుసు కాదు, చేప ముక్క. ప్రోటీన్‌లోని గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు అరిగి చివరికి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా తేలుతాయి, మూత్రపిండాలు మోయవలసినది దానిని. ఇది చదివి చేపలు మానేయకండి, ఆరోగ్యమైన మూత్రపిండాలకు అది రోజువారీ పనే. నాలుకకు తెలిసే పులుపుకూ నెత్తురుకు చేరే ఆమ్లానికీ పొంతన లేదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఇక క్షార జలం. పీహెచ్ 9.5 ఉన్న లీటరు నీటిలో విడిగా ఉండే క్షార అయాన్లు 0.03 మిల్లీమోల్‌లు. జీర్ణాశయంలో పీహెచ్ 1.5 ఉన్న రసం ఒక్క మిల్లీలీటరు చాలు, ఆ లీటరు నీటి క్షారాన్నంతా తుడిచేయడానికి. ఆ నీటిలో బైకార్బనేట్ లవణాలు కరిగి ఉంటే వాటి లెక్క వేరు, కాని అప్పుడు కూడా నెత్తురుకు చేరిన మిగులు బైకార్బనేట్‌ను మూత్రపిండాలు గంటలలో బయట పోస్తాయి. పైగా మీ అమ్మగారి ఇబ్బంది గుండెల్లో మంట, అంటే జీర్ణాశయంలో ఉండవలసిన ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం. నెత్తురు పీహెచ్‌కు దానితో సంబంధమే లేదు. నెత్తురులో ఆమ్లం తీవ్రంగా పేరుకున్న మనిషి కూర్చుని యంత్రం ధర అడగలేడు.

వంటసోడా సంగతి వేరు, అది నిజంగానే ఆమ్లాన్ని చంపుతుంది, అందుకే ఆమెకు ఉపశమనం తెలుస్తోంది. అయితే ఒక చెంచా సోడాలో, అంటే సుమారు 5 గ్రాములలో, 1.3 గ్రాములకు పైగా సోడియం ఉంటుంది. రోజంతటికీ సోడియం 2 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులో అది సగం కన్నా ఎక్కువ. రక్తపోటు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది హాని చేస్తుంది. ఎప్పుడో ఒకసారి తాగడం వేరు, రోజూ తాగవలసి రావడం వేరు. రోజూ మంట వస్తోందంటే వైద్యునికి చూపించవలసిందే. నడిచినప్పుడు ఛాతీ బిగపట్టడం, చేతికి నొప్పి పాకడం వంటివి ఉంటే అది గుండెకు సంబంధించినదేమో అని ఆలస్యం లేకుండా తేల్చుకోవాలి.

ఇప్పుడు మీ గుంట దగ్గరకు వద్దాం. మీరన్నట్టు అక్కడ ఉన్నది అదే బైకార్బనేట్ బఫర్, కాని గుంటకు మెదడు లేదు, ఊపిరితిత్తులు లేవు, మూత్రపిండాలు లేవు. గాలికి తెరిచి ఉన్నా నీటి పైభాగం నుంచి వాయువు రాకపోకలు చాలా నెమ్మది. పగలు పచ్చని నాచుకణాలు ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ను అది గాలి నుంచి దిగేదానికన్నా వేగంగా తాగేస్తాయి. అది అయిపోతే బైకార్బనేట్ నుంచి పీల్చుకుంటాయి, వెనుక కార్బనేట్ మిగిలి పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి రొయ్యలు, నాచు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి ఆ వాయువును వదులుతాయి, తెల్లవారుజాముకు పీహెచ్ అన్నిటికన్నా కిందికి దిగుతుంది. ఈ ఊపును గుంట ఎంతవరకు తట్టుకోగలదో నిర్ణయించేది ఆల్కలినిటీ, అంటే నీటిలోని బైకార్బనేట్, కార్బనేట్‌ల మొత్తం నిల్వ. సముద్రపు నీటిలో అది, కాల్షియం కార్బనేట్ లెక్కన, లీటరుకు సుమారు 115 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. వనామీ గుంటలో వంద దాటి ఉండడం మంచిది. వాన నీటిలో దాదాపు సున్నా. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలే ప్రధానం కనుక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నిండిన గుంటలు పైకి నిండుగా కనిపించినా బఫర్ లెక్కలో పలచబడి ఉంటాయి.

వాన ఒక్కటే కాదు. మేతలోని ప్రోటీన్ అరిగి అమ్మోనియా అవుతుంది, దానిని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఆ పనిలో ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7 గ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. మన శరీరంలో చేప ముక్క చేసే పనే ఇది, తేడా ఏమిటంటే ఖర్చయినది తిరిగి పోసే మూత్రపిండం గుంటకు లేదు, ఆ పని మీ నాన్నగారే చేయాలి. కొత్త పెంకు గట్టిపడడానికి రొయ్యకు కూడా కాల్షియంతో పాటు బైకార్బనేట్ కావాలి. కుబుసం విడిచాక పెంకు మెత్తగానే ఉండిపోతోందంటే ముందు ఆల్కలినిటీ చూడాలి.

మధ్యాహ్నపు 9.1ని నేను తేలికగా తీసుకోను, దానికి కారణం అమ్మోనియాయే. అదే అమ్మోనియా పీహెచ్‌ను బట్టి రెండు రూపాలలో ఉంటుంది, మొప్పలను దాటి లోపలికి పోయి చంపేది అయాన్ కాని రూపం. నీరు 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే ఆ విష రూపం 7.5 వద్ద వందకు రెండున్నర పాళ్లు, 9.1 వద్ద దాదాపు సగం. ఉప్పునీటిలో ఇది కొద్దిగా తక్కువ ఉంటుంది గాని, ప్రమాదం అదే.

షాపువాళ్లు ఇచ్చే మందులో ఏముందో డబ్బా మీద చదవండి. అందులో ఆమ్లం ఉంటే, అది ఉన్న కొద్ది బైకార్బనేట్‌నూ తినేసి పీహెచ్‌ను రెండు రోజులు దింపుతుంది, తరువాత గుంట ఇంకా ఎక్కువ ఊగుతుంది. ఒక్క అంకెను చూసి వైద్యం చేయడం ఎంత ప్రమాదమో వైద్యులే 1952లో కోపెన్‌హాగన్‌లో తెలుసుకున్నారు. పోలియోతో ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగుల నెత్తురులో బైకార్బనేట్ ఎక్కువగా కనిపించేసరికి, అది క్షారం పెరిగిన స్థితి అనుకున్నారు. మత్తువైద్యుడు ఇబ్సెన్ అది బయటికి పోలేక నిలిచిన కార్బన్ డయాక్సైడ్ అని వాదించాడు. ప్రయోగశాల అధిపతి ఆస్ట్రుప్ పీహెచ్ కొలిచి చూస్తే నెత్తురు నిజంగానే పులిసి ఉంది. వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచులు చేత్తో నొక్కుతూ ఊపిరి అందిస్తే చాలామంది బతికారు. పీహెచ్ చూడకుండా బైకార్బనేట్‌ను మాత్రమే చూడడం అక్కడి పొరపాటు. మన గుంటల మీద జరుగుతున్నది దానికి తలకిందులు, పీహెచ్‌ను మాత్రమే చూసి ఆల్కలినిటీని వదిలేయడం.

కనుక మీరు చేయవలసినది ఇది. ఆల్కలినిటీ వందకు బాగా తక్కువగా ఉంటే వంటసోడాయే, అంటే సోడియం బైకార్బనేటే, దానిని పెంచడానికి తగినది, ఎందుకంటే దాని పీహెచ్ 8.3 దగ్గర ఉండి గుంటను ఎటూ తోయదు. మీటరు లోతున్న ఎకరా గుంటలో సుమారు 4,047 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది, ఆల్కలినిటీని లీటరుకు 20 మిల్లీగ్రాములు పెంచాలంటే దాదాపు 136 కిలోలు కావాలి. దానిని మూడు నాలుగు రోజులకు విడగొట్టి, నీటిలో కరిగించి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుండగా పోయాలి. ఖర్చు తక్కువేమీ కాదు, అందుకే కొలవకుండా పోయవద్దంటున్నాను. డోలమైటు, సున్నపురాయి పొడి చవకే గాని, పీహెచ్ 8.3 దాటిన నీటిలో అవి కరగడం చాలా తక్కువ, అడుగున తెల్లగా పడి ఉంటాయి. అవి గుంట ఎండగట్టినప్పుడు, లేదా పీహెచ్ తక్కువగా ఉన్న నీటికి పనికివస్తాయి. కాల్చిన సున్నాన్ని రొయ్యలున్న గుంటలో మధ్యాహ్నం పూట అసలు ముట్టవద్దు. నీరు మరీ చిక్కటి పచ్చగా ఉంటే మేత తగ్గించి, కొంత నీరు మార్చి నాచును పలచబరచాలి. బెల్లం నీళ్లు చల్లడం కూడా ఇక్కడ తెలిసిన పద్ధతే, సూక్ష్మజీవులు దానిని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి కాబట్టి పీహెచ్ దిగుతుంది, కాని అవి రాత్రి ప్రాణవాయువునూ తినేస్తాయి కనుక ఏరేటర్లు సరిపడా లేనివారు ఆ జోలికి పోకూడదు. కరెంటు బిల్లుకు భయపడి ఏరేటర్లను పగలంతా ఆపేసేవారున్నారు. గుంటకు ఊపిరితిత్తుల వంటిది ఏదైనా ఉందంటే అవే.

పక్క గుంట ఎందుకు ఊగడం లేదో కొలవకుండా తేల్చి చెప్పలేను, కాని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒకే రోజు తెల్లవారి ఆరు గంటలకు రెండు గుంటల నుంచీ ఒకే లోతులో, నురగ లేని చోట, సీసాలు అంచుదాకా నింపి మూత బిగించి, వేడి తగలకుండా ఆ పూటే ల్యాబ్‌కు చేర్చండి. పీహెచ్‌తో పాటు ఆల్కలినిటీ, కాల్షియం హార్డ్‌నెస్, మొత్తం అమ్మోనియా కొలవమని అడగండి. మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ మాత్రం మీరే మళ్లీ చూసుకోండి. ఆ కాగితం పట్టుకొని ముత్తుకూరు మత్స్య కళాశాలలో అడిగితే, మోతాదు మీ గుంటకు సరిపోయేటట్టు చెబుతారు. ల్యాబ్ కాగితం చేతికి వచ్చేదాకా ఆ పీహెచ్ తగ్గించే మందును గట్టు మీదే ఉంచండి.